నాణెమంత

అచావో రేవులో పొద్దున్నంతా ఫెర్రీ టికెట్లు చింపుతాను.
మధ్యాహ్నం నుంచి, ఎవరైనా పిలిస్తే, కంప్యూటర్లు చూస్తాను.
ఎవరూ నేర్పలేదు. విప్పితే లోపల దుమ్మే ఎక్కువ.
దుమ్ముకి జంకను, అంతే నా చదువు.

ఎడువీనా కబురు పెట్టింది ఒక వాన రోజున.
ఈ దీవిలో వాన రోజంటే ఆనవాలు చెప్పినట్టు కాదు,
ఏ రోజైనా కావచ్చు.
చెక్క పెంకుల ఇల్లు. పొయ్యి పక్కన తడి ఉన్ని వాసన.
బల్ల మీద కొత్త కంప్యూటర్.
కొత్తదని ప్వెర్తో మోంత్ దుకాణంవాడు అన్నాడట.
అట్టపెట్టె మాత్రం నిజంగా కొత్తదే.

"ఉత్తరాలు తెరుచుకోవట్లేదు, లిసార్దో" అంది,
తాళం నేనే వేసుకుపోయినట్టు.

తెల్లటి తెర. నడుమ చిన్న చక్రం
గానుగెద్దులా తిరుగుతోంది, చుక్క నూనె లేదు.
కాసేపటికి అదీ ఆగి
ఈ చోటు నమ్మదగింది కాదని ఒక ముక్క రాసింది.
"పదిహేనేళ్ళుగా అదే చోటు!"
ఎడువీనా తెరతోనే తగువుకి దిగింది.

రౌటర్ వైరు పీకి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ గుచ్చాను.
కుకీలు తుడిచాను. చరిత్ర చెరిపాను.
గడపైనా దాటని యంత్రానికి చరిత్రేముంటుంది?
ఇంకో బ్రౌజర్ దింపుదామంటే
అదీ మొహం చాటేసింది.
పాస్‌వర్డ్ మరిచారేమోనని అడిగి
తిట్లు తిన్నాను.
ఆమె ఫోన్‌లో, అదే వైఫై మీద, అవే ఉత్తరాలు
టపటపా వచ్చిపడ్డాయి.
అద్దం మూడు చీలికలు, అక్షరాలు చీమ తలలు,
ఒక్కటీ చదవలేం.
అయినా ఒకటి తేలింది: దారి బాగానే ఉంది, ఊరూ ఉంది,
బయల్దేరిన మనిషిలోనే ఏదో తేడా.

రేవు కార్యాలయం వాతావరణం పేజీ ఒక్కటి తెరుచుకుంది.
తాళం గుర్తు లేని పాతకాలపు పేజీ.
అప్పుడైనా నాకు తట్టాల్సింది.
రెండో విడత మాతే తాగాను.

ఆమే చూసింది.
"ఆ మూల అంకెలేమిటి?"

కిటికీలో సాయంత్రం నాలుగు.
తెర మూలన అర్ధరాత్రి దాటి నలభై నిమిషాలు,
జనవరి ఒకటి, రెండువేల పన్నెండు.

అదీ సంగతి.
ఉత్తరాల సైటు తన గుర్తింపు పత్రం చూపిస్తోంది,
మొన్న మార్చిలో రాసిచ్చిన పత్రం.
ఇదేమో పన్నెండులో కూర్చుని చూస్తోంది.
దాని లెక్కన ఆలూ లేదు చూలూ లేదు,
సంతకం పెట్టినవాడు మాత్రం గుమ్మంలో నిలబడ్డాడు.
తలుపు తీయకపోవడం తప్పంటారా?

తేదీ మార్చబోతే నా మణికట్టు పట్టుకుంది.
"పన్నెండా? ఆ ఏడు నాకు మోకాళ్ళుండేవి.
గొర్రెల వెనక కొండ మీదికి పరిగెత్తేదాన్ని.
ఈ మాతే అయ్యేదాకా ఉండనీ."

ఉండనిచ్చాను.
గొట్టం అడుగున గురగురలాడేదాకా
ఇద్దరం పన్నెండులోనే ఉన్నాం.
పెద్ద తేడా తెలియలేదు. అదే వాన.

తర్వాత మార్చాను. పేజీ ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది.
కానీ ఇక్కడ రోజూ కరెంటు పోతుంది,
పోయిన ప్రతిసారీ ఇది మళ్ళీ పన్నెండుకి పారిపోతుంది.
మరలు విప్పాను. లోపల నాణెమంత బ్యాటరీ,
గడియారాన్ని మోయాల్సింది,
ఎప్పుడో చచ్చిపోయి ఉంది.
అలాంటిది కావాలంటే కాస్త్రో వెళ్ళాలి, రేపటి ఫెర్రీకి.

ఎడువీనా లోపలికెళ్ళి ఉన్ని తూచే కాటా తెచ్చింది.
వెనక్కి తిప్పి, గోటితో మూత ఊడదీసింది.
అదే నాణెం, అదే నంబరు.
"పెట్టు."

పెట్టాను. పీకి, ఆపి, మళ్ళీ వెలిగించాను.
సాయంత్రం అయిదుంబావు, ఇవాళే.
చదవని ఉత్తరాలు అరవై ఒకటి.
అన్నిటికంటే పైది వాల్దీవియా నుంచి:
రంగు వేయని బూడిద ఉన్ని,
సరిగ్గా నాలుగు వందల గ్రాములు, శుక్రవారం లోపు.
పంపే ముందు బరువు రాయగలరు.

ఆమె కాటా కేసి చూసింది. అంకె లేని నల్లటి మొహం.
నా కేసి చూసింది.
ఒక అరచేతిలోకి చక్కెర పొట్లం,
రెండో చేతిలోకి ఉన్ని.
కళ్ళు మూసుకుంది. ఒక పిడికెడు తీసేసింది.
అందులోంచి చిటికెడు మళ్ళీ కలిపింది.

"నాలుగొందలు" అంది. "రాసెయ్."

రాసేశాను.